కమిటీ పెద్దలు పక్కన పెట్టిన నీ కథ గురించి

అస్సలాము అలైకుం బేటా,

నీ మెయిల్, దాంతో పాటు పంపిన కథ రెండూ చదివాను. ప్రవక్త (స) జీవితం గురించి జరిపే సీరత్ సభలో కుర్రాళ్ల చేత కథలు, కవితలు చదివిద్దామని నువ్వంటే ప్రసంగాలు, ప్రవక్తను పొగిడే నాత్‌లు చాలు, మిగతాదంతా టైంపాస్ అని కమిటీవాళ్లు తేల్చేశారని రాశావు. కవుల వెనక దారి తప్పినవాళ్లే నడుస్తారని ఖురాన్‌లోనే ఉందని ఒకాయన అన్నాడట కదా. ఉంది, 26వ సూరా (అధ్యాయం) చివర్లో. కానీ ఆయన ఆగినచోట ఆ మాట ఆగలేదు. విశ్వసించి, మంచి పనులు చేసి, అల్లాహ్‌ను ఎక్కువగా తలచుకుని, తమకు అన్యాయం జరిగాక ఎదురు నిలిచిన కవులకు అక్కడే మినహాయింపు ఉంది. హస్సాన్ బిన్ సాబిత్ కవిత చదవడానికి ప్రవక్త (స) మస్జిదులోనే మింబర్ (ప్రసంగ వేదిక) వేయించారని హదీసుల్లో ఉంది. ఇవి చెప్పు, గొంతు పెంచకుండా చెప్పు. వాయిద్యాలు, మనుషుల బొమ్మలు మాత్రం ఇప్పుడే ఎత్తకు. వాటి మీద ఉలమాల్లోనే, అంటే మత పండితుల్లోనే, రకరకాల అభిప్రాయాలున్నాయి, ఆ గొడవలో పడితే నీ కథ ఎవరికీ గుర్తుండదు. మాట, రాత, గొంతు, ఈ మూడింటితోనే ఏళ్ల తరబడి పని చేయొచ్చు.

ఇక నువ్వడిగిన అసలు ప్రశ్న: ఇస్లామీ విలువలతో రాయడం అంటే ఏంటి? మనవాళ్లు వెంటనే చేయకూడని వాటి లిస్టు చదువుతారు. నాకైతే ఒక హదీసు చాలు. మంచి బట్టలు, మంచి చెప్పులు వేసుకోవాలనిపించడం కూడా గర్వమేనా అనే అర్థంలో ఎవరో అడిగితే, అల్లాహ్ సౌందర్యవంతుడు, సౌందర్యాన్ని ఇష్టపడతాడు అన్నారు ప్రవక్త (స). పోస్టర్ల మీద వేసుకునేది ఇంతవరకే. దాని తర్వాత మాట, గర్వమంటే సత్యాన్ని తోసిపుచ్చడం, మనుషుల్ని చిన్నచూపు చూడటం అని. రాసేవాడికి పనికొచ్చేది ఈ రెండో భాగమే. ఒక్క వాయిద్యం లేకుండా, బిస్మిల్లాతో మొదలుపెట్టి వేసిన స్కిట్‌లో పల్లెటూరివాడి యాసని వెక్కిరించి జనాన్ని నవ్విస్తే అది విలువలున్న కళ ఎలా అవుతుంది? 49వ సూరా సూటిగానే చెప్పింది, ఎగతాళి చేయొద్దు, వంకర పేర్లతో పిలవొద్దు అని.

ఆ సూరాలోనే గీబత్, అంటే వెనక చాడీలు చెప్పడం గురించి కూడా ఉంది, చచ్చిన సోదరుడి మాంసం తినడంతో పోల్చింది. ఇది కథకుడికి నిజంగా టెన్షన్ పెట్టే మాట, ఎందుకంటే మన సరుకంతా పక్కింటివాళ్ల బతుకే కదా. నీ కథలో జోడే కీ రఖం, అంటే పెళ్లికొడుక్కిచ్చే కట్నం డబ్బు కోసం ఆటో అమ్ముకున్న తండ్రి ఉన్నాడు. మీ మొహల్లాలో ఆయన్ని ఇట్టే గుర్తుపడతారనిపించింది. రాయొద్దని అనను, కట్నం గురించి మనం రాయకపోతే ఎవరు రాస్తారు. కానీ ఊరు మార్చు, పని మార్చు, ఆయనకు నువ్వు మాత్రమే ఇవ్వగలిగిన ఒక అలవాటో కోపమో ఇవ్వు. అన్యాయం మాత్రం ఉన్నదున్నట్టు ఉంచు.

ఇంకోటి, చివర్లో ఇమాంసాబ్ లేచి రెండు పేజీలు ప్రసంగించగానే పెళ్లికొడుకు తండ్రి డబ్బు తిరిగిచ్చేశాడు. ఏ ఊళ్లో చూశావు నువ్వు? మతం ఉన్న కథలో మతం గురించిన ఉపన్యాసం ఉండాలని లేదు. మన హైదరాబాద్ కట్టించిన ముహమ్మద్ కులీ కుతుబ్ షా దక్కనీ దీవాన్‌లో (కవితల సంపుటిలో) నాత్‌లూ ఉన్నాయి, వానాకాలమూ, పండ్లూ కూరగాయలూ ఉన్నాయి, ఒకదానికొకటి అడ్డం రాలేదు. పిఠాపురం సూఫీ గురువు ఉమర్ అలీషాగారు తెలుగు పద్యమే రాశారు. 1990లలో మనవాళ్లు తెలుగులో ముస్లిం బతుకుని సొంత గొంతుతో రాయడం మొదలుపెట్టాక తోవ ఇంకా వెడల్పయింది. ఇంట్లో మాట్లాడే ఉర్దూ మాటలు కథలో రానివ్వు, ప్రతిదానికీ పక్కన అర్థం రాయకు, తెలుగు పాఠకుడు తెలివైనవాడే.

కమిటీతో ఎలా నెగ్గుకురావాలంటే, పోటీ పెట్టొద్దు. వ్యాసరచన పోటీలు చూసీ చూసీ విసుగొచ్చింది, పిల్లలు పుస్తకంలోంచి ఎక్కించుకుంటారు, దాతలు మైకు వదలరు, చివరికి ఒక మెమెంటో. దానికి బదులు నెలకోసారి సాయంత్రం అసర్ నమాజు తర్వాత పదిమంది కూర్చోండి, కవులు చిన్న గుంపుగా కూర్చుని చదువుకునే పాత నషిస్త్‌లలాగా. స్టేజీ వద్దు, ముఖ్య అతిథి వద్దు. తలా ఒకటి చదవాలి, విన్నవాళ్లు వాహ్వా అనేసి ఊరుకోకుండా ఎక్కడ నమ్మబుద్ధి కాలేదో చెప్పాలి. ఆడపిల్లలు రాసింది వాళ్ల అన్నలు చదివి వినిపించే పద్ధతి మాత్రం పెట్టకండి, వాళ్లకు వీలైన చోట, వీలైన టైంలో వాళ్లే చదవాలి. చిన్నపిల్లలకు ఖత్తాతీ, అంటే అందంగా అక్షరాలు రాసే కళ నేర్పగలిగితే ఇంకా మంచిది. పంజాగుట్టలోని ఉర్దూ సాహిత్య సంస్థ ఇదారా-ఎ-అదబియాత్-ఎ-ఉర్దూలో ఏళ్ల తరబడి నేర్పుతూ వచ్చారు. కలం మొనతో పెట్టే చుక్కే కొలతగా మొదటి అక్షరం అలిఫ్ ఎంత పొడవుండాలో లెక్క చూసుకుంటూ రాయాలి కాబట్టి అల్లరి పిల్లలు కూడా కుదురుగా కూర్చుంటారు, అది చూస్తే కమిటీ పెద్దలు వాళ్లంతట వాళ్లే మెత్తబడతారు.

ఇమాంసాబ్ ప్రసంగం తీసేసి, ఆటో అమ్మిన రాత్రి ఆ ఇంట్లో ఎవరు ఏం తిన్నారో రాసి మళ్లీ పంపు. కమిటీకి ఇప్పుడే చూపించకు.

దుఆలతో,
మీ చాచా