రంగుల గది బాధ్యత తీసుకున్న అమ్మాయికి

చిరంజీవి శ్రావణికి, పెదనాన్న ఆశీస్సులు.

ఐస్‌క్రీమ్ కర్మాగారంలో రంగుల గది నీకు అప్పగించారని నిన్న ఫోనులో చెప్పినప్పుడు ఎంతో సంతోషించాను. ఆ వెంటనే నువ్వన్న మాట మాత్రం రాత్రంతా నన్ను వదల్లేదు. "బీటా కెరోటినే కదా పెదనాన్నా, క్యారెట్‌లో ఉండేదే, దానితో భయమేముంది?" అన్నావు. ఐస్‌క్రీమ్‌కు నారింజ వన్నె తెచ్చే ఆ రంగుతో ముప్పై ఏళ్లు పనిచేసినవాడిని. నోటితో చెబితే సగం మరిచిపోతావని ఈ ఉత్తరం రాస్తున్నాను. రెండుసార్లు చదువు.

నువ్వన్నది అబద్ధం కాదు. అది విషం కాదు. 1831లో వాకెన్‌రోడర్ అనే జర్మన్ శాస్త్రవేత్త దాన్ని క్యారెట్ నుంచే వేరుచేశాడు. కానీ వంద గ్రాముల క్యారెట్‌లో ఉండేది ఎనిమిది మిల్లీగ్రాముల చొప్పున. నీ గదిలో నూనెలో కలిపి ఉన్న, 30 శాతం కెరోటిన్ గల సరుకు ఒక్క కిలో తీసుకుంటే, అందులో మూడు టన్నులకు పైగా క్యారెట్ల కెరోటిన్ ఉన్నట్టు. క్యారెట్‌లో ఉన్నప్పుడు దాని చుట్టూ నీరుంది, కణాల గోడలున్నాయి. డబ్బా మూత తీశాక దానికి ఏ అడ్డూ లేదు.

ఆ అణువు పొడవునా పదకొండు జంట బంధాలు ఒకటి విడిచి ఒకటిగా వరుసలో ఉంటాయి. ఆ వరుస వల్లే దానికి ఆ నారింజ రంగు. గాలిలోని ఆక్సిజన్ వచ్చి పట్టుకునేది కూడా ఆ బంధాలనే. వెలుతురు, వేడి, ఇనుము, రాగి తగిలితే ఆ పని ఇంకా వేగంగా సాగుతుంది. నేను ఈ ఉత్తరంలో చెప్పే ప్రతి జాగ్రత్తా దాదాపు ఇక్కడి నుంచే పుడుతుంది కాబట్టి ఈ ఒక్క సంగతి బాగా మనసులో పెట్టుకో.

నా ఉద్యోగంలో జరిగినది చెబుతాను. ఒక శనివారం సాయంత్రం నూనె కెరోటిన్ డబ్బా ఒరిగి రెండు లీటర్ల దాకా నేలపాలైంది. కుర్రవాళ్లు శ్రద్ధగానే శుభ్రం చేశారు. రంపపు పొట్టు చల్లి, కాటన్ వేస్టుతో తుడిచి, అంతా ఒక గోనె సంచిలో కుక్కి, మూతి బిగించి మెట్ల కింద పెట్టి ఇళ్లకు వెళ్లారు. తెల్లవారుజామున కాపలా మనిషికి పొగ వాసన వచ్చింది. అతను సంచిని బయటికి లాగి విప్పగానే లోపల ఎర్రటి నిప్పు. అక్కడ ఎవరూ అగ్గిపుల్ల గీయలేదు. దగ్గరలో కరెంటు తీగ కూడా లేదు. పక్కనే అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. మరో అరగంట ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

డబ్బాలో ఉన్న నూనెకు పైపైన మాత్రమే గాలి తగులుతుంది. అదే నూనె దూదికి పడితే ప్రతి పోగు మీదా పలుచగా పరుచుకుంటుంది. అన్ని పోగులకూ గాలి ఆడుతుంది. ఆక్సిజన్ పట్టుకున్నప్పుడల్లా కొంచెం వేడి పుడుతుంది. ఆ వేడి సంచి దాటి బయటికి పోలేదు. వేడెక్కిన కొద్దీ ఆ చర్య ఇంకా వేగం అందుకుంటుంది. తడి గడ్డిని వామి వేస్తే నడుమ ఎలా ఉడుకుతుందో మన ఊళ్లో చూశావు కదా. అక్కడ వేడి పుట్టే కారణం వేరు, కానీ దారి దొరక్క లోలోపలే పెరగడం ఒకటే. అవిసె నూనెతో మెరుగు పెట్టే వడ్రంగులకు ఈ సంగతి తెలుసు. మన ఆహార కర్మాగారాల్లో తెలిసినవాళ్లు తక్కువ, ఎందుకంటే "తినే సరుకే కదా" అన్న ధీమా.

కాబట్టి ఒలికితే పొడి ఇసుక వాడు, రంపపు పొట్టు వద్దు. తుడిచిన గుడ్డల్ని మూత ఉన్న ఇనుప డబ్బాలో, నీళ్లలో ముంచి ఉంచు. ఏ రోజువి ఆ రోజే బయటికి పంపించు. తర్వాత నేలను సబ్బు వేసి వేడినీళ్లతో కడిగించు, లేకపోతే జారిపడతారు. ఒకవేళ మంట వస్తే నురుగు, పొడి, కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లు పనికొస్తాయి. కాలుతున్న నూనె మీదికి గొట్టంతో నీళ్లు వేగంగా కొట్టనివ్వకు.

పొడి రూపంలో వచ్చే సరుకుది ఇంకో రకం ప్రమాదం. అందులో కెరోటిన్ పదిశాతమే ఉన్నా, మిగిలినదంతా పిండిపదార్థమో జెలటినో అయి ఉంటుంది. సన్నటి పిండి ఏదైనా గాలిలో దట్టంగా లేచినప్పుడు ఒక నిప్పురవ్వ చాలు, పేలుతుంది. 2008లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఒక చక్కెర కర్మాగారంలో ఇలా పేరుకున్న చక్కెర ధూళి అంటుకుని 14 మంది చనిపోయారు. చక్కెర కంటే అమాయకమైన సరుకు ఏముంటుంది చెప్పు? బస్తాను ఎత్తు నుంచి గుమ్మరించనివ్వకు. రాపిడికి పుట్టే కరెంటుతో నిప్పురవ్వ లేవకుండా ఇనుప తొట్టెలకు ఎర్తు తీగ ఉందో లేదో నువ్వే చూడు. కంప్రెసర్ గాలితో ధూళిని ఊదే అలవాటు ప్రతి కర్మాగారంలోనూ ఉంటుంది, దాన్ని మొదటి రోజే మాన్పించు. దూలాల మీద, ట్యూబ్‌లైట్ల పైన పేరుకున్నదాన్ని కూడా తుడిపించు.

డబ్బా తెరిస్తే త్వరగా వాడేయి. మిగిలితే డబ్బాలో గాలి బదులు నైట్రోజన్ వాయువు పట్టి మూత బిగించి, చల్లని చీకటి చోట ఉంచు. నూనె సరుకులో సన్నని స్ఫటికాలు అడుగున చేరుతాయి కనుక వాడేముందు నిదానంగా కలపాలి. చిక్కబడితే డబ్బాను గోరువెచ్చని నీళ్లలో నిలబెట్టు, పొయ్యి మీద మాత్రం వద్దు. గరిటెలు స్టెయిన్‌లెస్ స్టీలువే వాడు.

తూకం గురించి ఒక్క మాట. వెయ్యి కిలోల మిశ్రమానికి కిలోకు 5 మిల్లీగ్రాముల చొప్పున వేయాలనుకుందాం. స్వచ్ఛమైన కెరోటిన్ 5 గ్రాములు కావాలి. పదిశాతం పొడి అయితే 50 గ్రాములు, ఒక శాతం పొడి అయితే 500 గ్రాములు, 30 శాతం నూనె సరుకు అయితే 17 గ్రాములలోపే. మూడు డబ్బాలూ ఒకే అరలో, ఒకే పేరుతో ఉంటే ఏదో ఒక రాత్రి షిఫ్టులో తప్పు జరిగి తీరుతుంది. వాటిని వేర్వేరు అరల్లో పెట్టి, శాతాన్ని పెద్ద అంకెలతో రాయించు. పొడిలో జెలటిన్ ఉందేమో కూడా సరుకు పత్రంలో చూడు. అది జంతువుల నుంచో చేపల నుంచో వచ్చేది, పెట్టె మీద ఆకుపచ్చ గుర్తు చూసి కొనేవాళ్లను మోసం చేసినట్టవుతుంది.

ఇక మనుషుల సంగతి. పొడి పోసేవాళ్లకు మాస్కు, కళ్లద్దాలు, చేతితొడుగులు ఉండాలి. కంట్లో పడితే పావుగంట ధారగా నీళ్లతో కడిగించి డాక్టరు దగ్గరికి పంపించు. మా దగ్గర ఒకతను, ఒంటికి మంచిదని విని, రోజూ చెంచాడు పొడి పొట్లం కట్టుకుపోయి పాలలో కలుపుకుని తాగేవాడు. అరచేతులు పసుపెక్కాయి. కామెర్లని ఇంట్లోవాళ్లు హడలిపోయారు. కళ్లలో తెలుపు తెల్లగానే ఉండటం చూసి డాక్టరు అసలు సంగతి పట్టుకున్నాడు. ఆ పసుపు తగ్గిపోయేదే. నన్ను భయపెట్టింది అతని జేబులోని బీడీ కట్ట. ఫిన్లాండ్‌లో పొగతాగే మగవాళ్లు 29 వేల మందికి పైగా పాల్గొన్న పరిశీలన ఫలితాలు 1994లో వచ్చాయి. రోజుకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ మాత్రలు వేసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా కనిపించింది. అమెరికాలో అలాంటిదే ఇంకొకటి ఇదే కారణంగా మధ్యలో ఆపేశారు. ఐస్‌క్రీమ్‌లో వేసే రంగు పిసరంత, దాని గురించి బెంగ లేదు. కానీ నీ దగ్గర పొగతాగేవాళ్లు ఎవరైనా చిటికెడు అడిగితే ఇవ్వకు. ఎందుకు ఇవ్వడం లేదో కూర్చోబెట్టి చెప్పు.

రేపు ఉదయం వెళ్లగానే మెట్ల కింద, తలుపుల వెనక ఏమేమి కుక్కి ఉన్నాయో ఒకసారి వెతికి చూడు. మూత ఉన్న ఇనుప డబ్బా లేకపోతే కొనిపించు. అది వచ్చేదాకా బకెట్‌లో నీళ్లు పోసి గుడ్డలు ముంచి పెట్టు. సాయంత్రం ఫోను చేసి నాకు చెప్పు. ఎదురుచూస్తుంటాను.

ఇట్లు,
మీ పెదనాన్న