పారాబెన్ ఉన్న క్రీము పాపకు రాయొచ్చా?

క్రీము డబ్బా మీద పారాబెన్ (బూజు పట్టకుండా కలిపే మందు) అని కనబడగానే దాన్ని పక్కన పెట్టేశానని, పాపకు ఇంట్లోనే కలబంద క్రీము చేద్దామనుకుంటున్నానని రాశారు. దయచేసి ఆగండి. నేను ఆ పని చేసి చూసినదాన్ని.

మూడేండ్ల కింద హన్మకొండలో మా కుండీల్లోని కలబంద గుజ్జు తీసి, సీసాలు ఉడకబెట్టి, విటమిన్ ఇ కలిపి పోసి పెట్టా. అప్పుడు ముసురు పట్టి ఉంది. ఐదో రోజు మూత తిప్పితే లోపలి అంచు వెంట ఆవగింజంత నల్ల చుక్కలు, వాటి చుట్టూ బూడిదరంగు నూగు. పైపైన తీసేస్తే సరిపోతుందన్నది అత్తమ్మ. నాకు మనసొప్పలేదు, మొత్తం పారబోశా. విటమిన్ ఇ నూనె ముక్క వాసన రాకుండా చూస్తుందే తప్ప బూజును ఆపదని ఆ తర్వాతే తెలిసింది.

నీళ్లున్న దేంట్లోనైనా బూజు, బ్యాక్టీరియా పెరుగుతాయి. పారాబెన్లు కలిపేది అందుకే. వాటి మీద భయం 2004లో మొదలైంది. బ్రిటన్‌లో 20 రొమ్ము కణితుల నమూనాల్లో ఇవి కనబడ్డాయి. కానీ కణితికి ఇవే కారణమని ఆ పరిశోధన తేల్చలేదు. యూరప్‌లో మిథైల్ పారాబెన్‌ను ఇప్పటికీ 0.4 శాతం దాకా అనుమతిస్తున్నారు. ప్రొపైల్, బ్యూటైల్ రకాల మీద మాత్రం పట్టు బిగించారు. మూడేండ్లలోపు పిల్లలకు డైపర్ కట్టే చోట రాసి వదిలేసే క్రీముల్లో ఆ రెండూ ఉండొద్దని 2014లో నియమం పెట్టారు. అక్కడ చర్మం ఒరిసిపోయి ఉంటుంది, పైన డైపర్ మూసి ఉంటుంది, మందు ఎక్కువగా లోపలికి ఇంకే వీలుంది. మీ పాపకు రెండేండ్లేనన్నారు కాబట్టి ఈ ఒక్కటి పట్టించుకోండి.

నన్ను నిజంగా ఏడిపించింది పారాబెన్ కాదు. మా బాబును తుడిచే తడి వైప్స్ వాడీ వాడీ నా వేళ్ల సందులు పగిలి, రాత్రంతా దురద. నెలన్నర దాకా గిన్నెలు తోమే సబ్బు వల్లే అనుకున్నా. చివరికి చర్మ డాక్టరు ఒక్కో రసాయనం పెట్టిన చిన్న చిన్న పట్టీలు నా వీపు మీద అంటించి రెండు రోజులు ఉంచారు. తీశాక ఒక్క పట్టీ కింద చర్మం ఎర్రగా ఉబ్బింది: మిథైల్‌ఐసోథయాజోలినోన్. ఇదీ బూజు పట్టకుండా కలిపేదే. రాసి వదిలేసేవాటిలో యూరప్ దీన్ని నిషేధించింది, కడిగేసే షాంపూల్లో 0.0015 శాతం మించనివ్వదు. వైప్స్ మానేశాక మూడు వారాల్లో చేతులు మామూలయ్యాయి.

అందుకే డబ్బా ముందు వైపు పెద్దక్షరాలు వదిలేసి వెనక చిన్నక్షరాలు చదవండి. కొత్త క్రీము ఏదైనా ముందు మోచేతి మడతలో రోజుకు రెండుసార్లు చొప్పున వారం రాసి చూడండి. ఎర్రబడితే డాక్టరు దగ్గరికి ఆ డబ్బా కూడా తీసుకెళ్లండి.