విజయవాడ బీసెంట్ రోడ్డులో చీరల షాపు, అద్దం వైపు ఎవరూ చూడట్లేదు అన్నదానికి

అన్నా, నీ ఫోటో చూశా, ఆరు బొమ్మలకి ఆరు రంగుల చీరలు కట్టేసి జనం ఆగట్లేదంటే ఎట్టా ఆగుతారు చెప్పు. మూడు తీసెయ్, మిగతావాటిలో ఒకదాన్ని పీట మీద ఎక్కించు, మంగళగిరి కాటన్ అంటున్నావ్‌గా, ఆ నిజాం జరీ అంచు రోడ్డు మీదోళ్ళ కంటికి తగిలేలా పైట తిప్పు. ఆ 6500 కె (కెల్విన్, వెలుగు రంగు కొలత) తెల్ల ట్యూబ్‌లైట్ల కింద పసుపు చీర పాలిపోయి కనపడుద్ది, కాస్త పసుప్పచ్చ వెలుగిచ్చే 3000 కె స్పాట్‌లైట్లు, సీఆర్‌ఐ (రంగుని ఉన్నదున్నట్టు చూపించే కొలత) 90 పైనున్నవి కొను, నడినెత్తిన కాకుండా ఓ పక్కనుంచి కొట్టు. అన్నిటికన్నా ముఖ్యం, వెనకున్న నల్ల కర్టెన్ పీకెయ్, వెనక నల్లగా ఉంటే షాపు అద్దం మొహం చూసుకునే అద్దంలా అయిపోద్ది, గుంటూరులో నేనూ అదే కట్టి దెబ్బతిన్నా, పగలు మా షాపు అద్దంలో ఎదురుగా ఉన్న టీ బండే కనపడేది. లేత రంగుది వేసి, బయట ఎండ పడకుండా షేడ్ కిందికి దించు.