ఎర్ర సముద్రం చీలిన సంగతి

ప్రశ్న: మా అమ్మాయితో కలిసి, బైబిల్లోని మోషే ఎర్ర సముద్రాన్ని చీల్చే కథతో వచ్చిన ‘టెన్ కమాండ్‌మెంట్స్’ సినిమా చూశాను. కంప్యూటర్లు లేని రోజుల్లో సముద్రాన్ని ఎలా చీల్చారని అడిగింది. జవాబు చెప్పలేకపోయాను.
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: అడగవలసిన ప్రశ్నే అడిగిందమ్మా మీ అమ్మాయి. నిజానికి వాళ్లు నీటిని చీల్చలేదు, కలిపారు! స్టూడియోలో పెద్ద తొట్టి కట్టి, రెండు పక్కల నుంచీ నీళ్లు ఒక్కసారిగా వదిలి చిత్రించారు. ఆ ఫిల్మును వెనక్కి తిప్పితే కలిసిన నీళ్లే విడిపోయినట్టు కనిపించాయి. విడిగా తీసిన జనాన్ని వాటి నడుమ చేర్చారు. 1956 నాటి ఆ పనితనానికి ఆస్కార్ వచ్చింది. దర్శకుడు సెసిల్ బి. డిమిల్ ఇదే కథను 1923లో మూకీగా తీసినప్పుడైతే సముద్రానికి జెల్లీ దిమ్మను వాడారు.

నేను ఈ సినిమాను చిన్నప్పుడు ఒంగోలులో మా నాన్న పక్కన కూర్చుని చూశాను. ఇద్దరికీ ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. కొత్తపట్నం తీరంలో వలలు లాగి కాయలు కాచిన చెయ్యి ఆయనది. మోషేగా చార్ల్‌టన్ హెస్టన్ చేతులు చాచగానే నాన్న నా మణికట్టు గట్టిగా పట్టుకున్నారు. నీళ్లు మళ్లీ కలిసేదాకా వదలలేదు. సముద్రం ఎరిగిన మనిషి అంత భయపడ్డారంటే, ఆ తొట్టి నీళ్లు ఎంత నిజంగా కనిపించాయో చూడండి.

ఈసారి చూసేటప్పుడు నీళ్లు చీలే చోటును మీ అమ్మాయిని గమనించమనండి. అది వెనక్కి తిప్పిన ఫిల్మే.