కొన్న యూనిఫాం వెనక్కి తీసుకుంటారా?

బడులు తెరిచాక స్కౌట్, గైడ్, ఎన్‌సీసీ దుస్తుల మార్పిడి గురించి వచ్చిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈసారి జవాబులు.

*ప్రశ్న: మా అబ్బాయి స్కౌట్స్‌లో చేరాడు. సికింద్రాబాద్‌లో ఒక దుకాణంలో రెండు జతలు కొన్నాం. ఇంటికొచ్చి వేస్తే చొక్కా భుజాల దగ్గర బిగుతు. బిల్లు మీద ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని అచ్చేసి ఉంది. మార్చమని అడగకూడదా?*
*— ఒక తల్లి, మల్కాజిగిరి*

అడగొచ్చు. కానీ ఏ మాట మీద నిలబడి అడుగుతున్నారో ముందు తేల్చుకోండి. సైజు సరిపోకపోవడం వేరు, సరుకులో లోపం వేరు. సరుకు బాగానే ఉండి పిల్లాడికి పట్టకపోతే మార్చి తీరాలని చట్టం చెప్పదు. అది దుకాణం ఇచ్చిన మాట, బిల్లు మీద రాసిన గడువును బట్టి ఉంటుంది. లోపం ఉంటే మాత్రం ఆ అచ్చు వాక్యం చెల్లదు. లోపమున్న సరుకు వెనక్కి తీసుకుని డబ్బివ్వడానికి నిరాకరిస్తే 2019 వినియోగదారుల రక్షణ చట్టం దాన్ని అనుచిత వ్యాపార పద్ధతిగా లెక్కిస్తుంది. గడువు బిల్లులో రాస్తే అది, రాయకపోతే 30 రోజులు.

మీ చొక్కాలో లోపం ఉందేమో టేపుతో చూడండి. గుండీలు పెట్టి బల్ల మీద పరిచి, ఒక చంక కింది నుంచి రెండో చంక కింది దాకా కొలిచి రెట్టింపు చేయండి. లేబుల్ మీద 36 ఉండి కొలత 34 వస్తే, ముందు ఆ 36 చొక్కా కొలతా లేక ఒంటి కొలతా అని దుకాణంలో అడగండి. కొందరు అలా, కొందరు ఇలా వేస్తారు, సగం తగాదాలు ఇక్కడే పుడతాయి. చొక్కా కొలతే అయితే లేబుల్ తప్పు, మీ మాట గట్టిది. ఒంటి కొలత అయితే ఇంకా గట్టిది, ఎందుకంటే చొక్కా ఒంటికన్నా నాలుగంగుళాలు వదులుండాలి. 30 అంగుళాల చాతీకి 34 చొక్కా. ఎదిగే పిల్లాడికి 35 కూడా ఎక్కువేం కాదు.

కొన్నరోజే అరగంట వేసి చూడాలి. సెల్యూట్ చేయించండి, రెండు చేతులూ పైకెత్తించండి, కింద కూర్చుని బూటు లేసు కట్టించండి. భుజం పట్టేదీ, లాగు కుట్టు బిగిసేదీ అప్పుడే తెలుస్తుంది. అంతవరకు ట్యాగు తీయొద్దు, ఉతకొద్దు, బ్యాడ్జీలు అసలే కుట్టొద్దు. టెరికాట్ గుడ్డలో సూది రంధ్రాలు పూడవు. అవి కనబడ్డాక ఏ దుకాణదారూ మార్చడు, అందులో అతని తప్పూ లేదు.

రెండు జతలూ విప్పి ఎండలో పక్కపక్కన పెట్టండి. ట్యూబ్‌లైటు కింద స్టీల్ గ్రే రంగులన్నీ ఒకటిగానే కనిపిస్తాయి. వేరే అద్దకంలో వచ్చిన గుడ్డయితే బయట తేడా కొడుతుంది. నేవీ బ్లూ లాగు లోపలి మడత మీద తడిపిన తెల్ల రుమాలు గట్టిగా రుద్దండి. రుమాలుకి నీలం బాగా అంటితే అది లోపమే.

ఇక, మార్పిడికి ఆదివారం సాయంత్రం వెళ్లకండి. మంగళవారం మధ్యాహ్నం వెళితే నియమం లేకపోయినా చాలామంది మార్చేస్తారు.

*ప్రశ్న: ఎన్‌సీసీ కోసం బూట్లు కొన్నాను. మూడో పరేడ్‌కే ఒక సోలు ఊడింది. ‘వాడాక గ్యారంటీ ఉండదు’ అంటున్నారు.*
*— డిగ్రీ విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్*

పరేడ్ బూటు అని అమ్మినది పరేడ్‌కి ఆగాలి. వాడినందువల్లే ఊడిందన్న వాదన మూడు పరేడ్లకు నిలవదు. ఊడిన తీరు చూడండి. సోలు పైతోలు నుంచి పొరలా శుభ్రంగా విడిపోతే గమ్ము సరిగా పట్టలేదని అర్థం. సోలే బెల్లంముక్కలా పొడిపొడిగా రాలుతుంటే అది పాత సరుకు. పాలియురెథేన్ సోళ్లు వాడకపోయినా, పెట్టెలోనే ఏళ్ల తరబడి ఉంటే గాలిలోని తేమకు లోలోపల విరిగిపోతాయి. పెట్టె మీద తయారీ నెల, సంవత్సరం ఉంటాయి. వాటిని ఫొటో తీసుకోండి.

చెప్పులు కుట్టేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లకండి, ఇంట్లో గమ్ము పూయకండి. అంటించిన క్షణం నుంచి లోపం ఎవరిదో తేలదు. రెండు బూట్లూ, పెట్టె, బిల్లు తీసుకుని 30 రోజుల్లోపు వెళ్లండి. 30 దాటినా ఫిర్యాదుకు రెండేళ్ల గడువుంది. ఆలస్యమయ్యేకొద్దీ లోపం మొదటినుంచీ ఉందని చూపడమే కష్టం. యూనిట్ ఇచ్చిన బూట్లయితే దుకాణంతో పనిలేదు, మీ ఏఎన్‌ఓ (కాలేజీలో ఎన్‌సీసీ చూసే అధికారి) ద్వారా స్టోరులోనే మార్పించుకోవాలి.

ఈసారి సాయంత్రం పూట, పరేడ్ సాక్సుతోనే వేసి చూడండి. పొద్దుటికి సాయంత్రానికి పాదం కొంచెం ఉబ్బుతుంది.

*ప్రశ్న: విజిల్, బెరే టోపీ మార్చుకోవచ్చా?*
*— కూకట్‌పల్లి*

నోట్లో పెట్టాక విజిల్ మార్చరు, నీళ్ల సీసా కూడా అంతే. టోపీని పొడిగానే పెట్టి చూడండి. తడిపి తలకు ఆకారం తెస్తే ఇక అది మీదే. కనుబొమల పైన టేపు చుట్టి వచ్చిన సెంటీమీటర్లే దాని సైజు.

*ప్రశ్న: శిబిరం కోసం ఆన్‌లైన్‌లో టెంటు తెప్పించాం. ‘నాన్ రిటర్నబుల్’ అని ఉంది. నీళ్లు కారితే?*
*— రోవర్ స్కౌట్, ఉప్పల్*

మనసు మారి వెనక్కివ్వడానికే ఆ ముద్ర అడ్డు. లోపం ఉన్నా, ప్రకటనలో చెప్పినట్టు లేకపోయినా వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదు, 2020 ఈ-కామర్స్ నియమాలు ఆ మాటే చెబుతున్నాయి. ఫిర్యాదు అందినట్టు కంపెనీ ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి.

పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి. చట్టం అడగదు కానీ కంపెనీలు అడుగుతాయి. మర్నాడే డాబా మీద వేసి, కుట్ల మీద పడేలా పైపుతో ఇరవై నిమిషాలు నీళ్లు కొట్టండి. లోపల కాగితం పరిస్తే ఏ కుట్టు కారుతోందో చుక్కలు చెబుతాయి. జిప్పు పదిసార్లు లాగండి, కడ్డీలు, మేకులు లెక్కపెట్టండి. పూర్తిగా ఆరాకే మడవాలి. తడిగా మడిస్తే బూజు పడుతుంది, ఆ బూజు చూపించే వాపసు తిప్పికొడతారు.

*ప్రశ్న: బడిలో 60 మంది గైడ్స్‌కు ఒకేసారి కుట్టిస్తున్నాం. పోయినసారి పద్నాలుగు జతలు సరిపోలేదు. డబ్బంతా ముందే ఇచ్చేశాం కాబట్టి కుట్టినతను తిరిగి చూడలేదు.*
*— గైడ్ కెప్టెన్, ఎల్బీనగర్*

మొత్తం డబ్బు ముందే ఇస్తే ఎవరూ తిరిగి చూడరు. సగం అడ్వాన్సు, మూడో వంతు సరుకు అందాక, మిగతాది మార్పులు పూర్తయ్యాక అని రాసుకోండి. పిల్లలు నోటితో చెప్పిన సైజు నమ్మొద్దు. అయిదు సైజుల కుర్తాలు ఒక్కొక్కటి ముందే తెప్పించి, 60 మందికీ వేయించి, పేరు పక్కన సైజు రాయించండి. సల్వారు కాళ్ల దగ్గర, చేతుల దగ్గర లోపల రెండంగుళాల మడత వదలమనండి. ఏడాది గడుస్తుంది.

కాగితం మీద ఉండాల్సినవి: ఆమోదించిన గుడ్డ ముక్క, దాని మీద ఇద్దరి సంతకాలు. అందిన 15 రోజుల్లో చెప్పిన మార్పులు ఉచితం. రానూపోనూ రవాణా ఎవరిది. శిబిరానికి మూడు వారాల ముందు సరుకు అందాలి. కొలతల పట్టిక ఒక ప్రతి మీ దగ్గరే ఉంచుకోండి. ఆ పట్టికకు భిన్నంగా కుడితే సేవాలోపం. పట్టికే తప్పయితే భారం బడిదే. పేరు ఎంబ్రాయిడరీ చివర్లో, సైజు ఖాయమయ్యాకే వేయించండి. పేరు పడిన కుర్తా ఇంకొకరికి పనికిరాదు.

బిల్లు బడి పేరున ఉంది కదా, తల్లిదండ్రులు ఫిర్యాదు చేయొచ్చా అని కూడా అడిగారు. చేయొచ్చు. కొన్నవారి సమ్మతితో వాడేవారు కూడా చట్టం దృష్టిలో వినియోగదారులే.

పోయినసారి పద్నాలుగు జతల సంగతికి వస్తే, ముందు అతనికి పదిహేను రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో ఉత్తరం రాయండి. ఉలుకూ పలుకూ లేకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి, తెలుగులోనూ మాట్లాడొచ్చు. చిన్న మొత్తాలు తరచు అక్కడే తెగుతాయి. తెగకపోతే మీరు ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. విలువ అయిదు లక్షలలోపైతే రుసుము లేదు, వకీలు తప్పనిసరీ కాదు. రెండేళ్ల గడువు దాటకుండా చూసుకోండి.