రాజులు మారుతూ పోతే ఇంగ్లండు పార్లమెంటు ఎలా బలపడింది?

1215, 1265, 1295, 1628, 1689 అని సంవత్సరాలన్నీ నోటికొచ్చాయి గానీ ఒక రాజుకీ ఇంకో రాజుకీ మధ్య కథ అతకడం లేదన్నారు మీరు. పార్లమెంటుకు అసలు బలం ఎవరి కాలంలో వచ్చిందని అడిగారు. గ్రూప్-1 పిల్లలకు చరిత్ర చెబుతూ ఇరవై ఏళ్లయింది నాకు. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ఇదే అడుగుతారు. మొదట్లో నేను చెప్పిన జవాబు ఒకటే: 1649లో మొదటి చార్లెస్ తల నరికారు, దాంతో రాజరికం నడుం విరిగింది. ఇప్పుడలా చెప్పడం లేదు.

మా అమ్మాయి లండన్‌లో చదువుకునేటప్పుడు రెండు వారాలు అక్కడ ఉండి వచ్చాను. ఒక శనివారం టికెట్లు తీసుకుని పార్లమెంటు భవనం చూడటానికి వెళ్లాం. అందులో వెస్ట్‌మినిస్టర్ హాలు 1097 నాటిది. దానికి చెక్క పైకప్పు కొత్తగా వేయించింది రెండో రిచర్డ్. 1399లో ఆయన్ని గద్దె దింపిన సభ కూడిందీ ఆ హాల్లోనే. మెట్ల మీద ఒక ఇత్తడి పలక ఉంది. చార్లెస్ విచారణ జరిగిన చోటు అది. ఇన్నేళ్లు పాఠంగా చెప్పిన చోటు కదా, కదలబుద్ధి కాలేదు. "రా నాన్నా, ఇంకా చూడాల్సింది ఉంది" అని అమ్మాయి పక్కనున్న సెయింట్ స్టీఫెన్స్ హాల్లోకి తీసుకెళ్లింది. అక్కడ నేలలో చిన్న చిన్న ఇత్తడి గుర్తులు దిగేసి ఉన్నాయి. పాత కామన్స్ సభలో (ఎన్నికైన ప్రతినిధుల దిగువ సభ) స్పీకర్ కుర్చీ ఉన్న చోటు చెప్పే గుర్తులవి. ఆరో ఎడ్వర్డ్ కాలం నుంచి 1834లో తగలబడేదాకా సభ ఆ చోటే. ఇంత ఇరుకైన చోట కూర్చుని వాళ్లు రాజుల్ని ఎలా కట్టడి చేశారా అని ఆ రోజంతా అదే ఆలోచన. జవాబు ఒక్క మాటలో: డబ్బు. రాజుకు యుద్ధం వచ్చిన ప్రతిసారీ డబ్బు కావలసి వచ్చింది. ఇచ్చేవాళ్లు ప్రతిసారీ ఏదో ఒకటి రాబట్టుకున్నారు. ఈ దారం పట్టుకుంటే మీ సంవత్సరాలన్నీ వాటంతటవే వరసలోకి వస్తాయి.

జాన్ రాజు 1215లో మాగ్నా కార్టా అనే హక్కుల పత్రానికి ఒప్పుకోవడం వెనక ఫ్రాన్సులో ఓడిన యుద్ధమూ, దానికోసం పిండిన పన్నులూ ఉన్నాయి. రాజ్యపు ఉమ్మడి సమ్మతి లేకుండా కొన్ని పన్నులు వేయనని మాటిచ్చాడు. 1265లో మూడో హెన్రీ మీద తిరగబడ్డ సైమన్ డి మాంట్‌ఫర్ట్ పట్టణాల ప్రతినిధుల్ని కూడా సభకు పిలిచాడు. అదే ఏడాది ఈవ్‌షామ్ యుద్ధంలో చనిపోయాడు. ఆయన్ని ఓడించిన యువరాజే మొదటి ఎడ్వర్డ్‌గా గద్దెనెక్కి, 1295లో సరిగ్గా అలాంటి సభనే పిలిచాడు. ఒకవైపు ఫ్రాన్సుతో యుద్ధం, ఇంకోవైపు వేల్స్‌లో తిరుగుబాటు. శత్రువు పద్ధతి అయినా సరే, పన్ను వసూలు కావాలంటే అదొక్కటే దారి. మూడో ఎడ్వర్డ్ నూరేళ్ల యుద్ధం మొదలుపెట్టాక కామన్స్‌కు ఇంకా ధైర్యం వచ్చింది. 1376లో లెక్కలు తేల్చందే డబ్బివ్వమని పట్టుబట్టి, రాజు మనుషుల మీద విచారణ నడిపారు. అభిశంసన అనేది అక్కడే పుట్టింది. డబ్బు మంజూరు కామన్స్ నుంచే మొదలవ్వాలని 1407లో నాలుగో హెన్రీ ఒప్పుకున్నాడు. మన రాజ్యాంగం 109వ అధికరణం చదివేటప్పుడు ఈ 1407 గుర్తు పెట్టుకోండి. ద్రవ్య బిల్లు రాజ్యసభలో ప్రవేశపెట్టకూడదన్న నియమానికి వేరు అంత లోతున ఉంది.

తర్వాతి ట్యూడర్ వంశపు రాజుల్ని చాలా పుస్తకాలు "నిరంకుశులు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాయి. నాకది నచ్చదు. పార్లమెంటును అందరికన్నా పెద్దది చేసింది ఎనిమిదో హెన్రీయే. రోమ్ నుంచి విడిపోవాలనుకున్నప్పుడు తన ఆజ్ఞతో సరిపెట్టుకోలేదు. 1529 నుంచి 1536 దాకా ఒకే పార్లమెంటును నడిపి, మతాధిపత్యం సహా అన్నిటినీ చట్టాలుగా చేయించుకున్నాడు. దేవుడి విషయం కూడా చట్టంతో తేలుతుందని దేశానికి నేర్పింది ఆయనే. మఠాల భూములు చేతికొచ్చాయి. వాటిని ఉంచుకుని ఉంటే ఆయన వారసులకు సభతో పనే ఉండేది కాదేమో. ఫ్రాన్సు యుద్ధాల కోసం చాలావరకు అమ్మేశాడు.

ఎలిజబెత్ 45 ఏళ్లలో పదే పదిసార్లు ఎన్నికలు పెట్టి పార్లమెంటును పిలిచింది. 1601లో జరిగింది నేను క్లాసులో తప్పకుండా చెబుతాను. ఉప్పు, పేక ముక్కలు, వెనిగర్ లాంటి సరుకుల అమ్మకం మీద గుత్తహక్కులు రాణి తన వాళ్లకు కట్టబెట్టింది. ఆ జాబితా సభలో చదువుతుంటే ఒక సభ్యుడు లేచి, "ఇందులో రొట్టె లేదా?" అన్నాడు. ఇప్పుడు లేకపోయినా వచ్చే పార్లమెంటు నాటికి ఉంటుందని ఆయన భయం. రాణి వెనక్కి తగ్గింది, చాలా గుత్తహక్కులు రద్దు చేస్తానంది. ఎక్కడ తగ్గాలో ఆమెకు తెలుసు. తర్వాత వచ్చిన స్టూవర్ట్ వంశపు రాజులకు తెలియనిది అదే.

మొదటి జేమ్స్, సభ హక్కుల గురించి కామన్స్ రాసుకున్న పేజీని 1621లో తన చేత్తోనే చించేశాడు. చార్లెస్ గద్దెనెక్కిన 1625లో, తరతరాలుగా రాజుకు జీవితాంతం ఇస్తూ వచ్చిన కస్టమ్స్ సుంకాల్ని కామన్స్ ఒక్క ఏడాదికే ఇస్తామంది. ఆయన సమ్మతి లేకుండానే వసూలు చేశాడు. బలవంతపు అప్పులు కూడా రాబట్టి, ఇవ్వనివాళ్లను కారణం చెప్పకుండా జైల్లో పెట్టాడు. 1628 హక్కుల అర్జీకి ముఖ్య కారణం అదే. 1629 మార్చి 2న రాజు మాట మీద స్పీకర్ ఫించ్ సభ ముగించి లేవబోతే, ఇద్దరు సభ్యులు ఆయన్ని కుర్చీలోనే అదిమి పట్టారు. స్పీకర్ ఏడుస్తుండగానే తీర్మానాలు చేశారు. ఆ తర్వాత 11 ఏళ్లు పార్లమెంటే లేదు. తీరప్రాంతాల షిప్ మనీ పన్నును దేశమంతటా వేసి ఎలాగో నెట్టుకొచ్చాడు. స్కాట్లండు మీద యుద్ధానికి అది చాలక 1640లో మళ్లీ సభను పిలవక తప్పలేదు. 1642 జనవరి 4న సైనికుల్ని వెంటబెట్టుకుని, అయిదుగురు సభ్యుల్ని పట్టుకోవడానికి ఆ సెయింట్ స్టీఫెన్స్ గదిలోకే వచ్చాడు. వాళ్లు అప్పటికే పడవెక్కి వెళ్లిపోయారు. ఎక్కడున్నారని అడిగితే స్పీకర్ లెంథాల్ మోకరిల్లి, ఈ సభ చెబితే తప్ప చూడటానికి నాకు కళ్లు లేవు, మాట్లాడటానికి నాలుక లేదు అన్నాడు. 1629లో రాజు మనిషిగా ఏడ్చిన స్పీకర్‌కీ, ఈ స్పీకర్‌కీ మధ్య పదమూడేళ్లే తేడా. ఆ ఇత్తడి గుర్తుల దగ్గర ఈ సంగతి అమ్మాయికి చెబుతుంటే నా గొంతు పూడుకుపోయింది.

చివరికి రాజుకూ పార్లమెంటుకూ మధ్య యుద్ధమే వచ్చింది, రాజు ఓడాడు. మరి తల నరికాక ఏమైంది? 1653లో పార్లమెంటు పక్షపు సేనాని క్రామ్‌వెల్ సైనికులతో వచ్చి ఆ సభనే వెళ్లగొట్టాడు. 1660లో రాజరికం తిరిగొచ్చింది. రెండో చార్లెస్ చివరి నాలుగేళ్లు పార్లమెంటు లేకుండానే ఏలాడు. అప్పటికి సుంకాల ఆదాయం పెరిగింది, ఫ్రాన్సు రాజు కూడా డబ్బిచ్చాడు. రెండో జేమ్స్‌కు 1685లో సభే ఉదారంగా జీవితాంతం ఆదాయం రాసిచ్చింది. అందుకే 1649 అసలు మలుపు కాదంటున్నాను.

1688లో జేమ్స్ పారిపోయాక వాళ్లు ఆ తప్పు మళ్లీ చేయలేదు. 1689 హక్కుల బిల్లు, పార్లమెంటు ఒప్పుకోకుండా పన్నూ లేదు, శాంతికాలంలో సైన్యమూ లేదంది. సైన్యం క్రమశిక్షణ చట్టం ఏడాదికే చేశారు. జేమ్స్ కూతురు మేరీతో కలిసి గద్దెనెక్కిన ఆమె భర్త మూడో విలియంకు కస్టమ్స్ సుంకాలు 1690లో నాలుగేళ్లకే ఇచ్చారు. ఫ్రాన్సుతో యుద్ధం నడుస్తోంది కాబట్టి ఆయన ఏటా సభ దగ్గరికి రాక తప్పలేదు. అప్పటి నుంచి పార్లమెంటు కూడని ఏడాది లేదు. పరీక్షలో మలుపు ఎవరి కాలం అంటే నేనైతే విలియం, మేరీల కాలమని రాస్తాను. ఆన్ రాణి 1708లో ఒక బిల్లును తిరస్కరించింది. తర్వాత ఏ రాజూ, ఏ రాణీ ఆ పని చేయలేదు.

ఇప్పటికీ కొత్త సమావేశాలు మొదలయ్యే రోజున కబురు తెచ్చే రాజు దూత మొహాన కామన్స్ తలుపు మూసేస్తారు. మూడుసార్లు తట్టాకే తీస్తారు. యూట్యూబ్‌లో ఉంటుంది, చూడండి. ఆ తర్వాత ప్రభువుల సభలో రాజు చదివే ప్రసంగం జాగ్రత్తగా వినండి. ప్రసంగమంతా రెండు సభలకూ కలిపి ఉంటుంది. ప్రభుత్వ ఖర్చుల అంచనాలు మీ ముందుకు వస్తాయనే వాక్యం దగ్గర మాత్రం రాజు కామన్స్ సభ్యుల్నే ప్రత్యేకంగా పిలిచి చెబుతాడు.