ముందు మూత్రానికి దారి, తర్వాతే రాయి

చిట్టితల్లీ,

రాత్రి ఫోన్‌లో నువ్వు ఏడుస్తూ చెప్పినవి సగం అర్థం కాలేదు. పొద్దున అల్లుడు పంపిన రిపోర్టులు చూశాక ఇది రాస్తున్నాను. పిల్లల యూరాలజీ వార్డులో ముప్ఫై ఏళ్లు నర్సుగా చేశాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను. నువ్వు చదివి అల్లుడికి కూడా వినిపించు.

బాబుకి కిడ్నీల నుంచి మూత్రాశయానికి దిగే రెండు మూత్రనాళాల్లోనూ రాళ్లు అడ్డుపడ్డాయి. మూత్రం కిందికి దిగే దారి లేక వెనక్కి తన్నుతోంది. అందుకే కిడ్నీలు ఉబ్బాయి, నిన్నటి నుంచి చుక్క రాలేదు, కిడ్నీలు బయటికి పంపాల్సిన క్రియాటినిన్ అనే వ్యర్థం రక్తంలో పెరిగింది. "రాయి తీసేయకుండా ఈ పైపులెందుకు పెద్దమ్మా" అని అడిగావు. ఇప్పుడున్న స్థితిలో వాడు పెద్ద ఆపరేషన్‌కి తట్టుకోలేడు. లోపల చీముంటే, రాయిని కదిలించగానే ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకుతుంది కూడా. కాబట్టి ఇవాళ్టి పని మూత్రానికి దారి చేయడం ఒక్కటే. అడ్డు తొందరగా తొలగితే చాలామంది పిల్లల కిడ్నీలు తేరుకోవడం నేను కళ్లారా చూశాను.

దానికంటే ముందు పొటాషియం సంగతి చూడాలి. మూత్రం ఆగితే అది రక్తంలో పెరిగి గుండె లయ తప్పుతుంది. అందుకే ఈసీజీ తీశారు, కాల్షియం ఇంజెక్షన్, గ్లూకోజ్‌తో ఇన్సులిన్ ఇస్తున్నారు. రాళ్లకు మంచిదని ఎవరైనా కొబ్బరి నీళ్లో, అరటి దూట రసమో తెస్తే ఒక్క చెంచా కూడా పట్టనివ్వకు. వాటిలో పొటాషియం ఎక్కువ. ఎవరు ఏమనుకున్నా సరే, ఈ విషయంలో మొహమాటపడొద్దు. మందులకు తగ్గకపోతే డయాలసిస్ అంటారు. ఆ మాట వినగానే జీవితాంతం అనుకుని కుంగిపోకు. చాలాసార్లు అది పిల్లాణ్ణి మత్తు ఇవ్వగలిగే స్థితికి తేవడానికే.

ఇక డాక్టర్ చెప్పిన రెండు దారులు. మొదటిది డీజే స్టెంట్. కింది నుంచి సన్నని దుర్బీను పంపి, కిడ్నీ నుంచి మూత్రాశయం దాకా లోపలే ఒక గొట్టం పెడతారు. బయట సంచి ఉండదు, పిల్లాడు తిరగొచ్చు. కానీ రాయి గట్టిగా బిగుసుకుపోయి ఉంటే, గొట్టానికి దారి చూపడానికి ముందు పంపే సన్నని తీగ దాన్ని దాటదు. చిన్న మగపిల్లల్లో మూత్రం వచ్చే దారే సన్నం, అందులోంచి పట్టే స్టెంట్ ఇంకా సన్నం. చిక్కటి చీముకి అది పూడుకుపోవచ్చు. తర్వాత తీయడానికి మళ్లీ మత్తు ఇవ్వాలి.

రెండోది నెఫ్రోస్టమీ. స్కానింగ్‌లో చూస్తూ వీపు పక్క నుంచి కిడ్నీలోకి సూది పంపి, ఆ దారిలోనే పైపు పెడతారు. అడ్డున్న రాయిని ముట్టుకోనే అక్కర్లేదు. ఏ కిడ్నీ ఎంత పనిచేస్తోందో విడిగా తెలుస్తుంది. కిడ్నీ బాగా ఉబ్బి ఉంటే పైపు వేయడం సులువు. రక్తం గడ్డకట్టే పరీక్ష సరిగా లేకపోతే మాత్రం ప్రమాదం.

పెద్ద వైద్యసంఘాల సూచనల్లో రెండూ దాదాపు సమానమే. నన్నడిగితే, జ్వరం, చీము, పెద్ద రాయి ఉన్న చంటిపిల్లాడికి వీపు పైపు మేలంటాను. కానీ ఆ ఆస్పత్రిలో ఏ చెయ్యి దేనిలో తిరిగిందన్నది నా అభిప్రాయం కంటే ముఖ్యం. "సార్, పిల్లల్లో మీరు దేన్ని ఎక్కువ చేస్తారు? ఇది కుదరకపోతే వెంటనే రెండోది చేస్తారా? ఇవాళే రెండు వైపులా వేస్తారా, ఒక వైపేనా?" అని అడుగు. అడిగితే కోప్పడతారని భయపడకు.

పైపు పెట్టాక వాణ్ణి కనిపెట్టుకుని ఉండేది నువ్వే. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రాత్రి నాలుగేళ్ల పాపను మంచం మీది నుంచి ట్రాలీ మీదికి ఎత్తాను. సంచి మంచం కమ్మీకే కట్టి ఉందని చూసుకోలేదు. పైపు ఊడి నా చేతికొచ్చింది. తెల్లారేసరికి ఆ పాపకి మళ్లీ సూది గుచ్చాల్సి వచ్చింది. ఆ ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. అందుకే చెబుతున్నాను, వాణ్ణి ఎత్తే ముందు ప్రతిసారీ సంచి ఎక్కడుందో చూడు. సంచి ఎప్పుడూ కిడ్నీ కంటే కిందే ఉండాలి. సగం నిండగానే ఖాళీ చేయించు, బరువుకి పైపు లాగుతుంది. పైపు మెలిక పడకుండా చూడు, వాడి చెయ్యి తగలకుండా పైన మెత్తటి బనీను వెయ్యి. మొదటి రోజు మూత్రం కాస్త ఎర్రగా రావచ్చు. గడ్డలు వచ్చినా, ఉన్నట్టుండి ధార ఆగినా, వణుకుతో జ్వరమొచ్చినా సిస్టర్‌ని పిలువు. ఊడితే మాత్రం లోపలికి నెట్టొద్దు. శుభ్రమైన గాజుగుడ్డ అదిమి వెంటనే చూపించు, ఆ దారి తొందరగా మూసుకుపోతుంది.

ఇంకొకటి. అడ్డు తొలగాక మూత్రం వరదలా రావచ్చు. అందరూ సంతోషిస్తారు గానీ, ఆ మూత్రంతో పాటు నీళ్లూ లవణాలూ పోయి పిల్లాడు నీరసించిపోతాడు. ఎంత పోతోందో కొలిచి దాన్ని బట్టి సెలైన్ సర్దుతారు. ఆ కొలత తప్పకూడదు.

రాయి సంగతి వాడు తేరుకున్నాక. ఎక్స్‌రేలో కనపడని యూరిక్ యాసిడ్ రాయైతే మందులతో కరిగే అవకాశం ఉంది. 2008లో చైనాలో మెలమైన్ కలిసిన పాలపొడి తాగి దాదాపు 3 లక్షల మంది పసివాళ్లు జబ్బుపడ్డారు, వాళ్లలో రాళ్లు వచ్చినవాళ్లకి కూడా చాలామందికి ఆపరేషన్ అవసరం రాలేదు. ఏ రాయి తీసినా పరీక్షకి పంపమను. మీది మేనరికం కదా, ఆ విషయం డాక్టర్‌కి దాచకుండా చెప్పు. సిస్టిన్, ఆక్సలేట్ రాళ్లలో కొన్ని రకాలు వంశంలో వస్తాయి, మందులు మారతాయి. ఇందులో నీ తప్పేమీ లేదమ్మా. స్టెంటే వేస్తే, తీయాల్సిన తేదీ డిశ్చార్జి కాగితం మీద పెద్దక్షరాలతో రాయించుకో. మరిచిపోయిన స్టెంట్ మీద మళ్లీ రాళ్లు పేరుకుంటాయి.

రేపు రాత్రి బండికి వస్తున్నాను. ఈలోగా ఒక నోట్‌బుక్ కొని, గంటగంటకీ వచ్చిన మూత్రం, వీపు పైపులైతే కుడివైపుది వేరుగా, ఎడమవైపుది వేరుగా రాసిపెట్టు. రాగానే అదే చూస్తాను.

మీ పెద్దమ్మ